అమ్మువాని సమాధానము

వస్తువు నమ్మువాడు, కొనగోరువాడు వేసిన ప్రశ్నకు ఎంతవరకు సమాధానము చెప్పవలెను? అడిగినంతవరకే చెప్పిన చాలునా, అడగనిదానిని కూడ తానై చెప్పవలెనా? చెప్పినచో ధర తగ్గునని తెలిసినపుడు మౌనము వహించుట అసత్యమగునా, కాదా? సంతలు పుట్టిన నాటినుండి మనుష్యుల నడుమ నున్న వివాదమిది. మన సమాజమున వర్తకమే జీవనముగా గల లింగబలిజ కుటుంబములు అనేకములు కలవు. వారికిది గ్రంథములలోని ప్రశ్న కాదు. అంగడి తలుపు తెరచినది మొదలు ఎదురగు ప్రశ్న. అయినను దీనిని మరల ఎత్తుకొనుటకు ఇపుడొక కారణమున్నది. అంగడి మారినది. సరకు ఒక ఊర నుండగా కొనువాడు వేఱొక రాష్ట్రమున కూర్చుండి, చేతిఫోను తెరపై బొమ్మను చూచి పాట పాడుచున్నాడు.

మా మన్యపు సంతలలో కొనువాడు ప్రశ్నలు తక్కువగా వేయును. అతనికి వానితో పనిలేదు. చింతపండు బుట్టలో చేయి దూర్చి అడుగునున్న పండును పైకి తీయును. గింజ తీసినదో కాదో, పాతబడి నల్లనైనదో కాదో వ్రేళ్ళకే తెలియును. పసుపుకొమ్మును విఱిచి లోపలి రంగు చూచును. కొండచీపురును రెండుమార్లు దులిపి ఎంత రాలునో కనిపెట్టును. అడ్డాకుల కట్టను విప్పి నడిమి ఆకులు చిరిగినవేమో పరికించును. తేనెను నాలుకపై వేసికొనును. అమ్మువాడు ఒక్కమాట పలుకకున్నను బేరము సాగిపోవును. అక్కడ వస్తువే సమాధానము చెప్పుచున్నది.

ఆన్‌లైను వేలములో కొనువానికి చేయి లేదు, నాలుక లేదు, ముక్కు లేదు. అతనికున్నది ప్రశ్న యొక్కటే. ఆ ప్రశ్నయే అతని చేయి. “అడుగున పండు ఎట్లున్నది?” అని అతడు వ్రాసినపుడు బుట్టలో చేయి దూర్చుచున్నాడన్నమాట. అపుడు అమ్మువాడు కల్లలాడినచో, సంతలో కొనువాని చేయి పట్టుకొని బుట్టలోనికి పోనీయక ఆపినవానితో సమానుడగును. సంతలో ఎవడైన అట్లు చేసినచో నలుగురు చేరి నిలదీయుదురు. తెరవెనుక చేసినచో చూచువాడు లేడు. ఈ చర్చలో నాకు ముఖ్యముగా తోచినది ఇదియే. తక్కినవన్నియు దీనినుండి పుట్టినవే.

ఈ విధమైన వేలమునకు దేశదేశముల ప్రసిద్ధి తెచ్చిన ఈబే అను సంస్థ 1995లో అమెరికాలో మొదలయ్యెను. అందు తొలుత అమ్ముడుపోయినది చెడిపోయిన లేజరు దీపపు కడ్డీ అని చెప్పుదురు. దానికి 14 డాలర్ల 83 సెంట్లు వచ్చెను. ఇది పనిచేయదని మీకు తెలియునా యని స్థాపకుడే కొన్నవానిని అడుగగా, చెడిపోయినవానినే తాను సేకరింతునని అతడు బదులు చెప్పెనట. ఆ సంస్థ 2004లో మన దేశమునందలి బాజీ అను వేలపు అంగడిని కొనెను. 2018 నాటికి దాని ఇక్కడి వ్యాపారము మూతపడెను. కాని పాట ఆగలేదు. 2016 ఏప్రిల్ 14న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ఈ-నామ్ అను వ్యవస్థలో రైతుల పసుపు, మిర్చి మొదలగునవి తెరపైననే పాటకు వచ్చుచున్నవి. ఇక పాత నాణెములు, ఇత్తడి సామగ్రి, ఇంటి వస్తువులు వాట్సాప్ గుంపులలో ప్రతిదినము పాటకెక్కుచున్నవి.

అట్టి పాటకు ఒక కుటుంబము వారు తమ పూర్వుల నాటి ఇత్తడి దీపపు సెమ్మెను పెట్టిరి. కూతురి కళాశాల రుసుమునకు సొమ్ము కావలసియుండెను. బొమ్మ చూచి కొందఱు ప్రశ్నలు పంపిరి. తెలుగు పండితుడనని, చక్కగా వ్రాయుదునని నాయొద్దకు వచ్చి సమాధానములు వ్రాసిపెట్టుమనిరి. ఎత్తెంత, బరువెంత అను ప్రశ్నలకు చిక్కులేదు. కొలిచి, తూచి వ్రాసితిమి. ఒకడు, “ఎక్కడైన పగులు కలదా?” అని అడిగెను. పగులు లేదు. కాని దిమ్మెకు, కాడకు నడుమ ఎప్పుడో మాటు వేయించిన గుర్తు కలదు. బొమ్మ పైనుండి తీసినది గనుక అది కనబడదు. ఇంటి యజమాని, “మాటు సంగతి అడుగలేదు కదా మాష్టారూ, పగులు లేదని వ్రాయండి. అది నిజమే కదా!” అనెను. 

ఆయన దుర్మార్గుడు కాడు. అప్పుచేసిన దినము తప్పక తీర్చువాడు. ఆయన అడిగినదానిలో కొంత బలమున్నది గనుకనే దానిని ఇంత దూరము విచారించుచున్నాను.

మొదట చట్టమును చూతము. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టపు 17వ సెక్షను మోసమనగా ఏమో చెప్పుచు, ఊరక మౌనముగా నుండుట మోసము కాదనుచున్నది. దానికిచ్చిన ఉదాహరణము కూడ వేలపుపాటయే. రోగమున్న గుఱ్ఱమును ఒకడు వేలములో అమ్మును. రోగము సంగతి చెప్పడు. అది మోసము కాదు. ఇంతవరకు విని మన యజమాని వంటివారు సంతోషింతురు. కాని ఆ సెక్షను అక్కడ ఆగలేదు. కొనునది యుక్తవయస్సు వచ్చిన సొంత కూతురైనచో తండ్రి చెప్పితీరవలెను. “మీరు కాదనకున్నచో గుఱ్ఱము మంచిదనుకొందును” అని కొనువాడు పలికిన పిదప అమ్మువాడు మాటాడకున్నచో, ఆ మౌనము మాటతో సమానము. అనగా ప్రశ్న పుట్టగనే మౌనము స్వభావము మారిపోవుచున్నది. నూటయేబది ఏండ్ల నాటి ఈ చిన్న ఉదాహరణములో నేటి వేలములకు కావలసిన సారమంతయు ఉన్నదని నా అభిప్రాయము.

2020లో కేంద్రము ఈ-కామర్సు నియమములు తెచ్చినది. వర్తకులు సరకును గూర్చి ప్రకటించినది సరకు యథార్థ లక్షణములకు సరిపోవలెనని అందు కలదు. కాని వృత్తిగా కాక, ఏదో ఒకసారి తన సొంత వస్తువును అమ్ముకొను సామాన్యునికి ఆ నియమములు వర్తింపవు. సెమ్మె వారిని అవి అంటవు. ఆ యింట చట్టము సగము దూరము వచ్చి నిలిచినది. మిగిలిన దూరము మనిషియే నడువవలెను.

రోమను పండితుడు సిసిరో క్రీస్తుకు పూర్వము 44వ సంవత్సరమున కుమారునికై కర్తవ్యములను గూర్చి వ్రాసిన గ్రంథములో ఈ చర్చనే పెట్టెను. రోడ్సు ద్వీపమున కఱవు. ఒక వర్తకుడు అలెగ్జాండ్రియా నుండి ధాన్యపు ఓడతో వచ్చెను. వెనుక మఱికొన్ని ఓడలు వచ్చుచున్నవని అతనికి తెలియును, ఊరివారికి తెలియదు. చెప్పవలెనా, చెప్పక అధిక ధరకు అమ్ముకొనవచ్చునా? డయోజెనీసు అను తత్త్వవేత్త, సరకునందలి లోపమును చట్టమడిగినంత చెప్పి, అబద్ధమాడకున్న చాలుననెను. ఆయన శిష్యుడు ఆంటిపాటరు ఒప్పుకొనలేదు. తోటిమనుష్యుల మేలు కోరవలసినవాడవు, వారికి పనికివచ్చు సంగతిని ఎట్లు దాతువనెను. సిసిరో శిష్యుని పక్షము వహించెను. చెప్పకుండుట వేఱు, నీ లాభమునకై ఎదుటివానికి తెలియనీయకుండుట వేఱని ఆయన చూపిన భేదము మనకు మిక్కిలి ఉపయోగకరము. పొరుగింటి దూడ రంగును నేను చెప్పకుండుట దాచుట కాదు. మాటు కనబడకుండ పైనుండి బొమ్మ తీయుట దాచుటయే.

మనకు రోము వఱకు పోనక్కఱలేదు. కురుక్షేత్రమున ద్రోణుడు ధర్మరాజును ఒక్క ప్రశ్న అడిగెను. ధర్మరాజు సమాధానములో ఒక భాగమును బిగ్గరగాను, ఏనుగను మాటను నెమ్మదిగాను పలికెను. పలికిన పదములలో అసత్యము లేదు. అయినను నేలకు నాలుగంగుళముల పైన నడచు ఆయన రథము ఆనాడు నేలకు దిగినదని వ్యాసుడు చెప్పెను. నేటి ప్రకటనలలో గుణములను పెద్ద అక్షరములతోను, లోపములను కంటికానని చిన్న అక్షరములతోను అచ్చువేయుట చూచినపుడెల్ల నాకా రథము జ్ఞాపకము వచ్చును. “పగులు లేదు” అని వ్రాసి మాటును విడచుట ఆ జాతికి చెందిన సత్యమే. అడిగినవాని ఉద్దేశము పగులు అను పదము కాదు. సెమ్మె గట్టిగా నున్నదా, ఎప్పుడైన విఱిగినదా అని అతడడుగుచున్నాడు. ప్రశ్నలోని పదమునకు కాక ప్రశ్నించువాని అవసరమునకు బదులు చెప్పవలెను. పరీక్షపత్రములు దిద్దువారికి ఈ భేదము బాగుగ తెలియును: అడిగినది వదలి కాగితము నింపువారు, అడిగిన మాటను పట్టుకొని అర్థమును వదలువారు, ఇరువురును మార్కులు కావలెననియే వాదింతురు!

శుక్రాచార్యుడు బలికి చేసిన ఉపదేశమును కొందఱు ఎత్తి చూపుదురు. పోతన తెనిగించిన భాగవతమున, బొంకిన దోషము లేదని ఆ గురువు చెప్పిన సందర్భములలో ధనమునకు భంగము కలుగునదియు ఒకటి. నిజమే. కాని ఆ ఉపదేశము విన్న బలి దానిని పాటింపలేదు. శుక్రుని మాటను ఉదహరించువారు బలి ఇచ్చిన సమాధానము దాక చదువుట అరుదు.

మన శరణులు కాయకమనగా పొట్టకూటి పని మాత్రమే కాదనిరి. బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమును చూచిన అధికారి. లెక్కలు తెలిసినవాడు. కల్యాణమున నేలరాలిన బియ్యపుగింజల నేరి దాసోహము సాగించిన ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అలవాటుకన్న ఎక్కువ బియ్యము తెచ్చినపుడు, భార్య లక్కమ్మ ఆ ఎక్కువను తెచ్చిన చోటనే పోసి రమ్మనెను. ఆ కథను మనము పేదరికమునకు ఉదాహరణముగా చెప్పుకొందుము. అది ఆదాయమును గూర్చిన కథ యని నాకనిపించును. ఏ గింజ నా కాయకమువలన వచ్చినది, ఏది రాలేదు అని లక్కమ్మ అడుగుచున్నది. సెమ్మె ధరలో కొంత ఇత్తడికి వచ్చును, కొంత పనితనమునకు వచ్చును. మాటు తెలియకపోవుట చేత వచ్చు భాగము దేనికి వచ్చినట్లు?

మాటు సంగతి వ్రాసితిమి. సెమ్మెను పండబెట్టి, ప్రక్కన కొలబద్ద యుంచి, మాటు స్పష్టముగా తెలియునట్లు మఱియొక బొమ్మ తీసి పంపితిమి. సత్యము పలికినవానికి మునుపటికన్న ఎక్కువ ధర వచ్చెనని ముగించుట ఇట్టి వ్యాసములకు అలవాటు. నేనట్లు వ్రాయజాలను. ఇద్దఱు పాట విరమించుకొనిరి. వచ్చిన ధర ఆ ఇంటివారు ఆశించినదానికన్న తక్కువ. మిగిలినదానికి చీటీ పాడి రుసుము కట్టిరి.

ఇంతకన్న కష్టమైన ప్రశ్న ఇంకొకటి వచ్చెను: “ఇది ఎన్ని ఏండ్ల నాటిది?” ఇంటివారికి తెలియదు. తాతగారి కాలము నుండి ఉన్నదనుట మాత్రము నిజము. వేలములలో రెండువందల ఏండ్లని వ్రాయుట అలవాటైపోయినది. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము నూఱేండ్లకు తక్కువ కాని కళావస్తువు పురావస్తువగును. దానిని సామాన్యుడు విదేశమునకు పంపరాదు. అట్టివానిని వ్యాపారముగా అమ్మువానికి లైసెన్సు ఉండవలెను. అందుచేత రెండువందల ఏండ్లని వ్రాయువాడు నిజము చెప్పుచున్నచో చట్టము ముందు నిలువవలెను. కల్ల చెప్పుచున్నచో కొన్నవాని ముందు నిలువవలెను. అది తెలియక గొప్పకై వ్రాయుదురు. “వయస్సు తెలియదు, మా ఇంట మూడు తరములుగా ఉన్నది” అనునదే సరియైన సమాధానము. తెలియదనుట సమాధానము కాదని పలువురి భ్రమ. బడిపంతుళ్ళకు కూడ ఈ మాట నోట రాదు. కాని అమ్మువాడు తెలిసినదానిని తెలిసినట్లును, విన్నదానిని విన్నట్లును, తెలియనిదానిని తెలియనట్లును వేఱువేఱుగా చెప్పగలిగినచో కొనువానికి అంతకన్న మేలు లేదు.

తేనె విషయములో దీనికి విపర్యయము జరుగుచున్నది. చలికాలమున పేరుకొనునా యని పట్టణమువారు తప్పక అడుగుదురు. పేరుకొన్నది చక్కెర కలిసినదని వారి అనుమానము. ఆ అనుమానమునకు జంకి, ఎన్నటికి పేరుకొనదని వ్రాయువారున్నారు. స్వచ్ఛమైన తేనె కూడ అందలి గ్లూకోసు వలన పేరుకొనును. గోరువెచ్చని నీటిలో సీసా నుంచిన మరల కరగును. ఇక్కడ నిజము చెప్పుటకు రెండు వాక్యములు ఎక్కువ కావలెను, కల్లకు ఒక్క పదము చాలును. కొనువాని అజ్ఞానమును తీర్చు శ్రమ కూడ అమ్మువాని సమాధానములో చేరినదే.

వేలమునకు మాత్రమే చెందిన ధర్మమొకటి కలదు. అంగడిలో కొనువాడొక్కడు, పాటలో పలువురు. ఒకడడిగిన ప్రశ్నకు అతనికి మాత్రమే చాటుగా బదులు చెప్పినచో మిగిలినవారి కళ్ళకు గంతలు కట్టినట్లగును. ప్రభుత్వ టెండర్లలో ఒక గుత్తేదారు అడిగిన సందేహమునకు ఇచ్చిన వివరణమును పాల్గొనువారికందఱకు ప్రకటించుట ఇందుకే. మాటు సంగతి అడిగినవానికే కాక అందఱకు తెలియవలెను. అది తెలియకమునుపు పాడినవారికి వెనుకకు తీసికొను వీలుండవలెను. పాట ముగిసినట్లు ప్రకటించువఱకు పాడినవాడు తన పాటను ఉపసంహరించుకొనవచ్చునని 1930 నాటి సరకుల అమ్మకపు చట్టము 64వ సెక్షను చెప్పుచున్నది. అమ్మువాడు తనవారిచేత దొంగపాట పాడించి ధర పెంచినచో కొన్నవాడు ఆ అమ్మకమును రద్దుచేయవచ్చునని కూడ అందే కలదు. తనవారిచేత దొంగప్రశ్నలు వేయించి, వానికి తానే తీయని సమాధానములు వ్రాయువారిని గూర్చి ఆ నాటివారు ఊహింపలేదు. దోషము మాత్రము ఒక్కటే.

వ్రాతలో ఇచ్చిన సమాధానము నిలుచును. మా రాజవొమ్మంగి ఠాణాపై 1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు దళము దాడిచేసి ఆయుధములను పట్టుకొనిపోయినది. తీసికొన్నవాని వివరమును వ్రాసి సంతకము చేసి విడచుట ఆయన పద్ధతి యని చరిత్రకారులు చెప్పుచున్నారు. ధర్మయుద్ధమున కొల్లగొన్నవాడు పట్టిక వ్రాసి ఇచ్చెను. ధర పుచ్చుకొని అమ్మువాడు పట్టిక ఇచ్చుటకు వెనుకాడనేల?

అన్ని ప్రశ్నలకు బదులు బాకీపడియున్నామా? లేదు. “మీరెంతకు కొన్నారు? ఎందులకు అమ్ముచున్నారు? తక్కువలో తక్కువ ఎంతకిత్తురు?” ఇవి వస్తువును గూర్చిన ప్రశ్నలు కావు, అమ్మువాని అవసరమును కొలుచు ప్రశ్నలు. కూతురి రుసుము సంగతి చెప్పవలసిన పనిలేదు. భారతమున కౌశికుడను తపస్వి, దొంగలడిగినంతనే దాగియున్నవారి జాడను చెప్పి పాపము మూటగట్టుకొనెను. ఎవడు, దేనికొఱకు అడుగుచున్నాడో చూడక సత్యము పలుకుట అంత గొప్ప కాదు. అయినను చెప్పను అనుటకు, కల్ల చెప్పుటకు నడుమ పెద్ద గోడ యున్నది. “అది చెప్పజాలను, క్షమింపుడు” అనినచో కొనువానికి తాను నిలిచిన చోటు తెలియును. “నేనిరువదివేలకు కొంటిని” అని పన్నెండువేలకు కొన్నవాడు వ్రాసినచో తెలియదు.

ఇంతవఱకు అమ్మువానిని బోనులో నిలిపితిమి. మన్యములో ఉండి ఇంతటితో ఆపుట న్యాయము కాదు. పట్టణపు వేలములో వస్తువును ఎఱిగినవాడు అమ్మువాడు, ఎఱుగనివాడు కొనువాడు. కొండలలో ఇది తలక్రిందులు. చింతపండు బుట్ట దింపిన గిరిజన స్త్రీకి తన పండు తెలియును, దాని ధర తెలియదు. ధర తెలిసినవాడు కొనువాడు. “పట్నములో కిలో ఎంతకు పోవుచున్నది బాబూ?” అని ఆమె అడుగును. ఇక్కడ ఆమెకు చేయి లేదు. ఆమె ప్రశ్నయే ఆమె చేయి.

దీనికి కాంట్రాక్టు చట్టము ఊరట నీయదు. ధరల మార్పు తెలిసిన వర్తకుడు తోటి వర్తకునికి చెప్పనక్కఱలేదని ఆ 17వ సెక్షను ఉదాహరణములలోనే కలదు. కాని ఆ ఉదాహరణములో ఇరువురును వర్తకులు; పైగా ఎవరును ఎవరిని అడుగలేదు. ఈమె వర్తకురాలు కాదు, అడుగుచున్నది. 1956లో గిరిజన సహకార సంస్థను విశాఖపట్టణమున స్థాపించుటకు, అటవీ ఫలసాయమునకు అది కొనుగోలు ధరను ముందుగా ప్రకటించుటకు మూలము ఈ ప్రశ్నకు చాలకాలము సరియైన బదులు రాకపోవుటయే. ప్రకటించిన ధర ఆ స్త్రీకి దొరికిన మొదటి సమాధానము.

సిసిరో గ్రంథమున స్కేవొలా అను ఒక కొనువాడు కలడు. ఒక భూమిని కొనదలచి, ఒకేమాటగా ధర చెప్పుమనెను. అమ్మువాడు చెప్పెను. స్కేవొలా, “నా లెక్కకు ఇది ఇంకను ఎక్కువ చేయును” అని లక్ష సెస్టర్సులు కలిపి ఇచ్చెను. అది మంచివాడు చేయు పని యని అందఱును ఒప్పుకొందురు, తెలివిగలవాడు చేయు పని యని మాత్రము ఒప్పుకొనరని సిసిరో వాపోయెను. మన అంగళ్ళవారు అంత చేయవలెనని నేననను. బుట్ట దింపిన ఆమె అడిగినపుడు చేతిలోని ఫోను తెఱచి, ఆనాటి బజారు ధరను ఆమెకు చూపి, బాడుగ ఇంత, తరుగు ఇంత, నాకింత మిగులునని చెప్పి కొన్నచో చాలును. అట్లు కొను వర్తకుడొకడు మా ప్రాంతమున కలడు. అతని దుకాణము ముందు దింపిన బుట్టలు తక్కినవారికన్న ఎక్కువేమియు కావు. అప్పులిచ్చినవారి వద్దకే ఆ స్త్రీలు ఇంకను పోవలసియున్నది.